పోకర్‌లో చిన్న జతలు: 2-2 నుంచి 6-6 దాకా నా ఫోన్ డేటా చెప్పిన నిజాలు

ఈ సైట్‌లో నా పేరు మీద వచ్చేవి ఎక్కువగా ఇరవై వేల లోపు ఫోన్ల రివ్యూలే. "బ్రో, నువ్వేం ఫోన్ వాడతావ్?" అని కామెంట్లలో అడుగుతుంటారు. ఇప్పటిదాకా సమాధానం దాటేస్తూ వచ్చాను. ఈరోజు చెప్పేస్తా. నాది నాలుగేళ్ల పాత ఫోన్, వెనక గ్లాస్ పగిలింది, ఛార్జింగ్ కేబుల్ ఒక యాంగిల్‌లో పెడితేనే ఎక్కుతుంది. కొత్త ఫోన్‌కి దాచిన 42 వేలలో 23 వేలు 2023లో బెంగళూరులో ఉన్నప్పుడు ఆన్‌లైన్ పోకర్‌లో పోగొట్టాను. అందులో దాదాపు సగం ఒకే రకం పేక ముక్కల వల్ల పోయింది. అవే చిన్న జతలు: రెండు రెండ్లు, రెండు మూడ్లు, అలా ఆరుల దాకా.

ఆ లెక్క నాకు అప్పుడు తెలీదు. ఆడటం మానేశాక యాప్ నుంచి హ్యాండ్ హిస్టరీ ఫైళ్లు డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌లోనే టెర్మక్స్‌లో పైథాన్ స్క్రిప్ట్ రాసి చూస్తే బయటపడింది. ఈ ఆర్టికల్ ఆ స్క్రిప్ట్ చెప్పిన కథ.

ముందే ఒక మాట. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం. 2025 ఆగస్టులో పార్లమెంట్ చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో దేశమంతా అదే పరిస్థితి. నేనిప్పుడు ఆడేది ఆదివారాలు ఫ్లాట్‌లో ప్లాస్టిక్ చిప్స్‌తో, ఓడినవాడు గిన్నెలు తోమాలన్న పందెం మీద. కింద రూపాయల్లో చెప్పే లెక్కలన్నీ అప్పటి హిస్టరీవి. మీరు వాటిని చిప్స్ అనుకుని చదవండి.

జత అంటే మనకెందుకంత మోజు

మా ఇంట్లో సంక్రాంతికి మూడు ముక్కలాట ఆడేవాళ్లు. చేతిలో జత పడితే బాబాయ్ మీసం మెలేసేవాడు. ఆ ఆటలో అది న్యాయమే. మూడు ముక్కలు పంచితే నూటికి 74 సార్లు ఏమీ రాదు, పెద్ద ముక్క మాత్రమే ఉంటుంది. జత 17 సార్లు వస్తుంది. అంటే జత పట్టినవాడు టేబుల్ మీద చాలామంది కంటే ముందున్నట్టే.

టెక్సాస్ హోల్డెమ్ అలా కాదు. చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు. మొత్తం ఏడింటిలోంచి మంచి ఐదు ఏరుకోవాలి. ఆట చివరిదాకా వెళ్తే ఉత్త పెద్ద ముక్కతో మిగిలేది 17 శాతం సార్లే. ఒక జత 44 శాతం, రెండు జతలు 23 శాతం పైనే. కాబట్టి చివర్లో మీ ఎదుటోడి దగ్గర కనీసం ఒక జత ఉంటుందనే అనుకోవాలి, అదీ మీ నాలుగుల కంటే పెద్ద జత. బాబాయ్ మీసం ఇక్కడ పనికిరాదు. నాకు ఈ తేడా బుర్రకెక్కడానికి పదకొండు వేలు ఖర్చయింది.

పైగా యాప్ చేసే మాయ ఒకటుంది. నేను ఆడిన యాప్‌లో జత పడితే ముక్కల చుట్టూ బంగారు రంగు మెరుపు వచ్చేది, ఫోన్ చిన్నగా వైబ్రేట్ అయ్యేది. ఆసు-రాజు వస్తే ఏమీ లేదు, 2-2 వస్తే మెరుపు! రాత్రి పన్నెండింటికి మారతహళ్లి పీజీలో దుప్పటి కప్పుకుని ఆడేవాడికి ఆ "బుర్ర్" అనే చిన్న కదలిక చాలు, బటన్ మీద వేలు అదే వెళ్తుంది. మీ ఆటల్లో ఇలాంటి వైబ్రేషన్ సెట్టింగ్ ఉంటే ముందు దాన్ని ఆపండి. చిప్స్ ఉత్తుత్తివైనా సరే, ఆపండి.

అసలు లెక్క: ఎనిమిదిన్నరకు ఒకసారి

చిన్న జతకి ఉన్న ఒకే పెద్ద ఆశ ఫ్లాప్‌లో (మధ్యలో మొదట పడే మూడు ముక్కలు) మూడో ముక్క తగలడం. దాన్ని సెట్ అంటారు. చేతిలో 4-4 ఉందనుకోండి. మిగతా 50 ముక్కల్లో నాలుగులు రెండే. ఫ్లాప్‌లో ఒక్కటి కూడా రాకపోవడానికి అవకాశం 48/50 × 47/49 × 46/48. అది 88.24 శాతం. అంటే తగిలేది 11.76 శాతం. సుమారు ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి.

నమ్మకం కుదరక టెర్మక్స్‌లో 10 లక్షల ఫ్లాపులు పంచి చూశా. టీ చల్లారేలోపు వచ్చింది జవాబు, లెక్కకు దశాంశాల తేడాతో. (ఫోన్ మాత్రం బాగా వేడెక్కింది. ఈ ప్రాసెసర్‌కి ఆ జబ్బు ముందు నుంచీ ఉంది.) ఇక నా సొంత హిస్టరీలో సుమారు 30 వేల హ్యాండ్స్ ఉన్నాయి. అందులో 2-2 నుంచి 6-6 దాకా జతతో ఫ్లాప్ చూసినవి 512, సెట్ తగిలినవి 61. అది 11.9 శాతం. అంటే నా అదృష్టంలో లోపం లేదు. "నాకు ఎప్పుడూ తగలదు మామా" అని రూమ్మేట్ దగ్గర ఏడ్చిన ఏడుపంతా ఉత్తిదే. ముక్కలు నాకు రావాల్సినన్ని సార్లు వచ్చాయి.

మరి డబ్బు ఎక్కడ పోయింది?

స్టాక్ చూడకుండా కాల్ చేయడం

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఈ ఆర్టికల్ మొత్తానికి ముఖ్యమైన ముక్క ఇదే. బ్లైండ్స్ 2/5 టేబుల్. ఎదుటోడు 15కి పెంచాడు, మిగతావాళ్లు వదిలేశారు, నేను బటన్ మీద 4-4తో కాల్ చేశా. 17 సార్లు ఇలా జరిగితే 15 సార్లు తగలదు, 15 × 15 = 225 పోతాయి. తగిలే రెండుసార్లు ఆ 225 వెనక్కి రావాలి. ఒక్కోసారికి 112. మధ్యలో అప్పటికే ఎదుటోడి 15, బ్లైండ్స్ 7 కలిపి 22 ఉన్నాయి. కాబట్టి తగిలాక ఎదుటోడి దగ్గర్నుంచి సగటున ఇంకో 90 రాబట్టాలి. అప్పుడు లాభం కాదు, సమానం మాత్రమే.

సగటున అన్నది మర్చిపోకండి. మీకు సెట్ తగిలిన ప్రతిసారీ ఎదుటోడు డబ్బులివ్వడు. వాడి దగ్గర ఆసు-రాజు ఉంటే మూడింట రెండుసార్లు వాడికీ ఫ్లాప్‌లో జత పడదు, చిన్న పందెం వేసి వెళ్లిపోతాడు. ఒక్కోసారి మీ సెట్‌నే దాటిపోతాడు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు వాడే మోటు లెక్క: కాల్ చేయడానికి పెట్టే మొత్తానికి కనీసం 15 రెట్లు, కుదిరితే 20 రెట్లు వెనక మిగిలి ఉండాలి. మీ దగ్గర, ఎదుటోడి దగ్గర ఉన్నవాటిలో ఏది తక్కువైతే అది లెక్క. మీ ముందు వెయ్యి ఉండి వాడి ముందు 120 ఉంటే, ఆ హ్యాండ్‌లో మీ దగ్గరున్నది కూడా 120 కిందే లెక్క.

స్క్రిప్ట్‌లో ఇదే షరతు పెట్టి 512 హ్యాండ్స్‌ని రెండు కుప్పలు చేశా. 15 రెట్ల కంటే ఎక్కువ ఉన్నప్పుడు చేసిన కాల్స్‌లో కొద్దిగా లాభంలోనే ఉన్నా. రెండో కుప్ప, 15 రెట్లు లేకుండా చేసినవి, 200 పైన ఉన్నాయి. చిన్న జతల మీద పోయిన పదకొండు వేలూ అక్కడే పోయాయి.

ఎందుకలా చేశానా అని ఆలోచిస్తే తప్పులో కొంత భాగం స్క్రీన్‌ది. 6.5 అంగుళాల ఫోన్‌లో రెండు టేబుళ్లు ఒకేసారి తెరిచేవాణ్ని. పాట్‌లో ఎంతుందో పెద్ద అక్షరాల్లో, కాల్ బటన్ ఆకుపచ్చగా బొటనవేలు కింద, ఎదుటోడి స్టాక్ మాత్రం వాడి బొమ్మ కింద చీమంత అక్షరాల్లో. అంటే నిర్ణయానికి కావాల్సిన ఒకే ఒక్క అంకె కంటికి ఆనదు. చాలా పోకర్ యాప్స్‌లో స్టాక్‌ని బిగ్ బ్లైండ్లలో చూపించే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్ చేస్తే "387" బదులు "77" అని కనిపిస్తుంది. ఎదుటోడు 3 బ్లైండ్లకు పెంచితే 15 రెట్లంటే 45. 77 ఉంది, కాల్ చేయొచ్చు. 30 ఉంటే వదిలేయాలి. అర సెకను పని. నాలుగు నెలలు ఆ సెట్టింగ్ ఉందనే నాకు తెలీదు, వారానికో ఫోన్ రివ్యూ చేసేవాణ్ని నేను.

నాకు ఇప్పటికీ గుర్తున్న హ్యాండ్ ఒకటి. నా దగ్గర 5-5. నేను 15కి పెంచితే ఒకడు తిప్పి 60 చేశాడు. వాడి వెనక మిగిలింది 310. నేను కలపాల్సింది ఇంకో 45. ఏడు రెట్లు కూడా లేదు. కాల్ కొట్టేశా. ఫ్లాప్ రాజు-9-2. వాడు 60 వేశాడు. "బ్లఫ్ ఆడుతున్నాడేమో" అని మళ్లీ కాల్. నాలుగో ముక్క ఆరు. వాడు ఉన్నదంతా తోసేశాడు. అప్పటికే లోపల బోలెడు పెట్టేశా కదా అని నేనూ తోసేశా. వాడు ఆసు-రాజు చూపించాడు. డెక్‌లో నాకు పనికొచ్చేవి రెండే ఐదులు. రాలేదు. పక్క మంచం మీద ఒంగోలు రూమ్మేట్ పడుకునే అన్నాడు, "జత కనబడితే నీకు కళ్లు మూసుకుపోతాయి మామా." అప్పుడు కోపం వచ్చింది. మూడు నెలల తర్వాత స్క్రిప్ట్ కూడా అదే మాట చెప్పింది.

ఇలా మీరు పెంచాక ఎదుటోడు తిప్పి పెంచితే, మామూలు వంద బ్లైండ్ల స్టాక్‌తో చిన్న జతలు ఎక్కువసార్లు పక్కన పడేయడమే. ముఖ్యంగా మీరు వాడికంటే ముందు ఆడాల్సిన సీటులో ఉంటే.

సీటు సంగతి

అదే 3-3 బటన్ మీద ఉంటే పెంచి ఆడొచ్చు, మొదటి సీటులో ఉంటే వదిలేయొచ్చు. వెనక ఇంకా ఐదుగురు మాట్లాడాల్సి ఉన్నప్పుడు ఎవడో ఒకడు తిప్పి పెంచే ప్రమాదం ఎక్కువ, అప్పుడు ఫ్లాప్ చూడకుండానే పెట్టింది పోతుంది. నేను చేసినట్టు అన్ని సీట్ల నుంచీ "చవగ్గా చూద్దాం" అని ఉత్త కాల్‌తో దిగడం ఇంకా దండగ.

దీని గురించి మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లకు నచ్చే రుజువు ఒకటుంది. 2019లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ, ఫేస్‌బుక్ పరిశోధకులు కలిసి ప్లూరిబస్ అనే ప్రోగ్రామ్ చేశారు. ఆరుగురు ఆడే హోల్డెమ్‌లో ప్రొఫెషనల్స్‌ని ఓడించింది. దానికి మనిషి ఆట ఒక్కటి కూడా చూపించలేదు, తనతో తానే ఆడుకుని నేర్చుకుంది. 64 కోర్ల సర్వర్ మీద ఎనిమిది రోజుల ట్రైనింగ్, క్లౌడ్ అద్దె లెక్కన 150 డాలర్ల లోపు. టేబుల్ మీద ఆడేటప్పుడు రెండు సీపీయూలు, 128 జీబీ లోపు మెమరీ. జీపీయూ లేనే లేదు! అది తనంతట తాను కనిపెట్టిన వాటిలో ఒకటి, స్మాల్ బ్లైండ్ తప్ప మిగతా సీట్ల నుంచి ఎవరూ పెంచకముందే ఉత్త కాల్‌తో దిగడం మంచి ఆట కాదని. పాతకాలం ఆటగాళ్లు ఎప్పటి నుంచో చెప్తున్న మాటే. నేను మాత్రం ఫైళ్లు చూస్తే నూట ఇరవైసార్లు అదే పని చేశాను.

అయితే మీ ముందే ఇద్దరు ముగ్గురు ఉత్త కాల్‌తో దిగి ఉంటే వాళ్ల వెనక 5-5తో మీరూ దిగడంలో తప్పులేదు. ఎక్కువమంది ఉంటే సెట్ తగిలినప్పుడు డబ్బులిచ్చేవాడు ఒకడైనా ఉంటాడు.

తగిలాక దాచుకోకండి

సినిమాల్లో హీరో పెద్ద చేయి పట్టుకుని ముఖం గంభీరంగా పెట్టి "చెక్" అంటాడు. నేనూ అలాగే అనేవాణ్ని. 61 సెట్లలో సగానికి పైగా ఫ్లాప్‌లో చెక్ చేశా. ఫలితం, ఎదుటోడు కూడా చెక్ చేసి ఉచితంగా ఇంకో ముక్క చూసేవాడు, పాట్ చిన్నగానే ఉండిపోయేది. స్టాక్ మొత్తం లోపలికి రావాలంటే మూడు వీధుల్లోనూ పందెం పెరగాలి. ఒక వీధి వదిలేస్తే చివర్లో ఎంత తోసినా సరిపోదు.

రాజు-7-4, మూడూ వేర్వేరు రంగులు, మీ చేతిలో 4-4. వేయండి పందెం. రాజు ఉన్నవాడు ఎక్కడికీ పోడు. 9-8-4 మూడూ ఆఠీన్లే పడితే ఇంకా తొందరపడి వేయాలి అనిపిస్తుంది కానీ, అక్కడ కొంచెం జాగ్రత్త. ఫ్లష్ అప్పటికే తయారై ఉండొచ్చు. ఓదార్పు ఏంటంటే ఫ్లాప్‌లో తగిలిన సెట్ మిగతా రెండు ముక్కల్లో ఫుల్ హౌస్‌గానో నాలుగు ఒకటేగానో మారే అవకాశం 33 శాతం. మూడోవంతు. చచ్చిపోలేదు, బతికే ఉన్నారు.

ఇక సెట్ మీద సెట్. ఇద్దరికీ జతలుంటే ఇద్దరికీ ఫ్లాప్‌లో సెట్ పడేది నూటికి సుమారు ఒకసారి. చిన్న జత పట్టినవాడికి అలాంటప్పుడు స్టాక్ మొత్తం పోతుంది. తప్పించుకునే మార్గం దాదాపు లేదు. నేను నా 61లో రెండుసార్లు ఇలా పోయాను. వాటి మీద నాకు బాధ లేదు.

తగలకపోతే

"సెట్ లేకపోతే పందెం లేదు" అని మొదట్లో నేర్పిస్తారు. నలుగురున్న పాట్‌లో అది బంగారం లాంటి మాట. ఫ్లాప్‌లో తగలకపోతే తర్వాతి ముక్కకు తగిలేది నాలుగు శాతం పైచిలుకే, దాని కోసం డబ్బులు కట్టకూడదు. కానీ ఎదుట ఒక్కడే ఉండి, ముందు పెంచింది మీరే అయ్యుంటే, ఆసు-8-3 లాంటి పొడి ఫ్లాప్ మీద చిన్న పందెం ఒకటి వేసి చూడొచ్చు. వాడి దగ్గర ఆసు లేకపోతే వదిలేస్తాడు. కాల్ చేస్తే ఆపేయాలి, అంతే. అలాగే 8-3-3 పడి మీ చేతిలో 5-5 ఉంటే మీరే ముందుండే అవకాశం గట్టిగా ఉంది, ఒక పందెం దాకా కాల్ చేయొచ్చు. రెండో పందెం దగ్గరే నా జేబు ఎప్పుడూ చిరిగేది.

2-2కీ 6-6కీ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. మీ దగ్గర 2-2, వాడి దగ్గర ఆసు-రాజు. బోర్డు 9-9-7-7-రాణి. మీ జత ఎక్కడికి పోయింది? ఇద్దరికీ తొమ్మిదులు, ఏడులే రెండు జతలు. ఐదో ముక్కగా వాడికి ఆసు, మీకు బోర్డు మీది రాణి. వాడే గెలిచాడు. మీ రెండ్లు ఆటలోనే లేవు. రెండ్లకు ఇది తరచూ జరుగుతుంది, ఆరులకు కాస్త తక్కువ.

స్టాక్ చిన్నదైపోయినప్పుడు

టోర్నమెంట్లలో చివరికొచ్చేసరికి చాలామంది దగ్గర పది బ్లైండ్లే మిగులుతాయి. అప్పుడు పైన చెప్పిందంతా తలకిందులు. 15 రెట్ల ప్రశ్నే లేదు కాబట్టి సెట్ కోసం చూడటం అనవసరం. ముందు ఎవరూ పెంచకపోతే, చివరి సీట్లలో 4-4తో మొత్తం తోసేయడం మామూలు ఆట. అందరూ వదిలేస్తే బ్లైండ్స్ మీవి. ఆసు-రాజుతో కాల్ చేస్తే మీరు 50 శాతానికి కొంచెం పైన. 2-2తో తోస్తే ఒకే రంగు జాకీ-పది వాడి చేతిలో ఉన్నా వాడే కాస్త ముందు, ఇది విన్నప్పుడు నేను నమ్మలేదు, టెర్మక్స్‌లో నడిపితే నిజమే. పెద్ద జతకు ఎదురుపడితే మాత్రం మీవి సుమారు 18 నుంచి 20 శాతమే. అందుకే మొత్తం తోయడం వేరు, ఇంకొకడు తోస్తే కాల్ చేయడం వేరు. తోసినప్పుడు వాడు భయపడి వదిలేసే అవకాశం కూడా మీకు కలిసొస్తుంది. కాల్ చేస్తే అది లేదు.

నేను ఆట ఎలా ఆపానో అడుగుతారేమో. గొప్ప నిర్ణయమేం కాదు. దసరాకి గుంటూరు బస్సులో వెళ్తూ ఆడుతున్నా. ముళబాగిలు దాటి ఆంధ్రా బోర్డర్‌లోకి రాగానే లొకేషన్ చూసి యాప్ నన్ను బయటికి తోసేసింది. అప్పుడు నా చేతిలో 6-6. ఇంట్లో ఉన్న తొమ్మిది రోజులూ ఆడలేకపోయా. ఖాళీగా కూర్చుని ఫైళ్లు తెరిచా, స్క్రిప్ట్ రాశా, ఆ రెండో కుప్ప చూశా. తిరిగి బెంగళూరు వెళ్లాక యాప్ తెరవబుద్ధి కాలేదు. అమ్మ ఫోన్ ఎందుకు మార్చలేదురా అని అడిగితే ఇంకా బాగానే పనిచేస్తుందని చెప్పాను.

పోయిన ఆదివారం గచ్చిబౌలి ఫ్లాట్‌లో ఆడుతుంటే నాకు 3-3 వచ్చింది. ఒంగోలు వాడు, ఇప్పుడు కూడా నాకు రూమ్మేటే, 40 చిప్స్‌కి పెంచాడు. వాడి ముందు ఇంకో 260 ఉన్నాయి. ఆరున్నర రెట్లు. వదిలేశా. ఫ్లాప్ పడింది: రాణి, 8, 3. వాడు నా ముఖం చూసి పట్టేశాడు. నా ముక్కలు లాక్కుని తిప్పి చూసి అందరికీ చూపించి నవ్వాడు. ఆ రాత్రి గిన్నెలు నేనే తోమాను.